పెద్దలకు వండిన పులుసు

ఆ ఆదివారం నేను రెండు తప్పులు చేశాను. పెద్దలకు పెట్టడానికి నేనుంటున్న ఇంటి మామ్మ వండిన చేపల పులుసును, పెట్టకముందే మూత తీసి తిన్నాను. ఆ నింద ఇంట్లో పదిహేనేళ్ల పిల్ల మీదకు పోతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. మొదటిదానికి ఆకలనో, కుర్రతనమనో ఏదో ఒక సాకు చెప్పుకోవచ్చు. రెండోదానికి సాకు లేదు. ఇన్నేళ్లు వెతికినా దొరకలేదు.

అప్పుడు నేను సింగపూర్‌లో కంప్యూటర్ కోర్సు చదువుతున్నాను. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ తారీఖు మరిచిపోతాయనీ, వాటిని సరిచేసేవాళ్లు చాలడం లేదనీ అందరూ చెప్పుకునే రోజులవి. డిగ్రీలో లెక్కలు కాస్త బాగా చేసిన ప్రతివాడూ ఏదో ఒక కోర్సు పట్టుకుని విమానం ఎక్కుతున్నాడు. నేనూ ఎక్కాను. ఎక్కేటప్పుడే నేను మామూలు మనిషిని కాదన్న భ్రమ కూడా నాతోపాటు ఎక్కింది.

నేను దిగిన ఇల్లు సెంబవాంగ్‌లో, తొమ్మిదో అంతస్తులో. ఆ ఇంటివాళ్లు మాకు చుట్టాలు కారు. ఇంటాయనను అంకుల్ అనేవాణ్ణి. ఓడలు బాగుచేసే యార్డులో ఫిట్టరు. ఆయన తండ్రి తెల్లవాళ్ల కాలంలో మా పక్క ఊరి నుంచి ఓడెక్కి వెళ్లి, అక్కడి నౌకాదళ స్థావరంలో కూలీగా చేరి, మళ్లీ తిరిగి రాలేదు. నేను ఇంటర్ చదువుతుండగా, తండ్రి పుట్టిన ఊరు చూడాలని అంకుల్ ఒక్కడే బయలుదేరి వచ్చాడు. ఊరి పేరు రాసిన కాగితం పట్టుకుని మా బస్టాండులో దిక్కులు చూస్తుంటే, మా నాన్న ఆయనను సైకిల్ వెనక ఎక్కించుకుని రెండు రోజులు తిప్పాడు. ఇల్లు దొరకలేదు. ఇల్లు ఉండిన చోట జీడితోట ఉంది. ఆయన ఆ తోటలో చాలాసేపు నిలబడ్డాడట. మా ఇంట్లో రెండు పూటలు తిని, వెళ్తూ వెళ్తూ, "మీ అబ్బాయి మా వైపు వస్తే మా ఇంట్లోనే ఉండాల. ఇంకెక్కడా ఉండకూడదు," అని నాన్న చేతులు పట్టుకున్నాడు. ఆ మాట మీదే నేను పెట్టె పట్టుకుని వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను.

నాకిచ్చిన గది ఆ ఇంటి పిల్లది. అంకుల్‌కు ఒక్కతే కూతురు. నేను వస్తున్నానని తన పుస్తకాలు, గోడమీది బొమ్మలు, చిన్న ఫ్యాను మోసుకుని మామ్మ గదిలోకి మారిపోయింది. మొదటి వారం నన్ను వెంటబెట్టుకుని తిరిగింది. రైలు ఎక్కడ మారాలో చూపించింది. తిండి అంగళ్ల దగ్గర ఖాళీ బల్ల కనిపించగానే చేతిలో టిష్యూ పొట్లం దాని మీద పెట్టి, "అన్నా, ఇట్లా చోప్ చెయ్యాల. లేదంటే వేరేవాళ్లు కూర్చుంటారు లా," అని నేర్పింది. నేను పెట్టిన పొట్లాన్ని ఎవరైనా తీసేస్తారేమోనని అన్నం తెచ్చుకోకుండా అక్కడే కాపలా నిలబడితే పడీపడీ నవ్వింది.

వాళ్లు నన్ను అంత దగ్గరగా చేర్చుకున్నారు. నేను మాత్రం వాళ్లను ఒక మెట్టు కింద నిలబెట్టి చూశాను. ఆంటీ మలేషియాలో తోటల మధ్య పుట్టి పెరిగిన తెలుగామె. పెళ్లై ఇక్కడికి వచ్చి, ఆంగ్ మో కియోలో ఎలక్ట్రానిక్ భాగాలు చేసే ఫ్యాక్టరీలో పని చేసేది. ఆమె మాటల్లో తమిళం, మలయ్ కలిసిపోయి ఉండేవి. మామ్మ, అంటే అంకుల్ తల్లి, అచ్చం మా నాయనమ్మ మాట్లాడినట్టే మాట్లాడేది. అదే యాస, అదే దీర్ఘం. మధ్యలో సంతను పసార్ అనేది, భోజనాన్ని మక్కాన్ అనేది. నేను కాలేజీలో చేరాక కష్టపడి వదిలించుకున్న యాస అది. తొమ్మిదో అంతస్తులో మళ్లీ నాకు ఎదురొచ్చేసరికి మురిసిపోవాల్సింది పోయి, మొహం చాటేశాను.

ఆ శనివారం సాయంత్రం నేను సోమవారం ఇవ్వాల్సిన ప్రోగ్రాంతో కుస్తీ పడుతున్నాను. మామ్మ గుమ్మం దగ్గర నిలబడింది. గదిలోకి ఎప్పుడూ అడగకుండా వచ్చేది కాదు.

"బాబూ, దీపావళికి ముందల పెద్దలకి పెడతాం గదా. రేపే. నువ్వు ఆ ఊరోడివి. ఈసారి ఆకులో మొదట ముద్ద నువ్వు ఎయ్యాల."

"అలాగే మామ్మా," అన్నాను, తెర మీంచి చూపు తిప్పకుండా.

"తానం సేసి, ఏటీ తినకుండా ఉండాల. ఆయనకి పెట్టినాకే మనకి మక్కాన్."

"అలాగే మామ్మా."

విన్నాను. వినలేదని చెప్తే అబద్ధం. మా ఇంట్లోనూ పెద్దలకు పెట్టే రోజున నాయనమ్మ ఉప్పు కూడా చూడదు. అంచనా మీద వేసి, తప్పైతే పోయినవాళ్లే క్షమించాలని దండం పెట్టుకుంటుంది. మా తాతకు కల్లు ముంత పెట్టేవాళ్లం. ఈ సంగతి నేను కాలేజీలో ఒక్కరికీ చెప్పలేదు.

ఆదివారం తెల్లవారేసరికి మామ్మ వంటింట్లో ఉంది. తన భర్తకు ఇష్టమని పెద్ద పండుగప్ప చేపను తెప్పించింది. ముక్కలన్నీ ఇంటివాళ్లకు, తల ఆయనకు. ఆయన బతికున్నన్నాళ్లూ తల ఇంకెవరికీ వడ్డించలేదట. పది గంటలకల్లా అన్నీ వండేసి, గిన్నెల మీద మూతలు పెట్టి, అందరూ గుడికి బయలుదేరారు. చదువుకోవాలని నేను ఉండిపోయాను. "పన్నెండున్నరకి వచ్చేస్తాం తంబీ," అంది ఆంటీ.

పదకొండుకు నా క్లాస్‌మేట్ వచ్చాడు. హైదరాబాద్ అబ్బాయి. బిషాన్‌లో నలుగురితో కలిసి ఒక గది తీసుకుని ఉండేవాడు. ఇద్దరం కలిసి చేయాల్సిన ప్రోగ్రాం అది. అతని భాగం రెండు ఫ్లాపీల్లో తెచ్చాడు. ముప్పావుగంటలో దాన్ని కలిపేశాం. అతను ముక్కు ఎగబీల్చాడు.

"ఏందిరా ఈ వాసన? వారం సంది నూడుల్స్ తిని సస్తున్న."

"మామ్మ పులుసు పెట్టింది."

"మీ ఓనర్లు తమిళోళ్లు కదా?"

"తెలుగువాళ్లమే అంటారు."

"అంటారు ఏంది? తెలుగోళ్లా కాదా?"

"నువ్వే ఒకసారి విను. మూడు భాషలు కలిపి కిచిడీ చేస్తారు," అని మామ్మ మాట తీరు అనుకరించి చూపించాను. అతను నవ్వాడు. నవ్వాడని ఇంకాస్త చేశాను.

ఆ ఊపులోనే వంటింట్లోకి నడిచాను. ఆ ఇంటికి నేనే పెద్దమనిషినన్నట్టు రెండు కంచాలు తీసి, పులుసు గిన్నె మూత తీశాను. చింతపండు, మెంతులు, పచ్చిమిర్చి కలిసిన ఆ వాసన ముఖానికి కొట్టింది. మధ్యలో తల, చుట్టూ ముక్కలు.

"ఏమనుకోరు గదా?" అన్నాడతను, కంచం చేతిలో పట్టుకుని.

"మనిల్లే అనుకోమన్నారు," అన్నాను.

అతను రెండు ముక్కలు వేసుకున్నాడు. నేను తల వేస్తానంటే కంచం వెనక్కి లాక్కున్నాడు. "తల నాకొద్దు భై. అది నా దిక్కే చూస్తుంది."

తల నేను వేసుకున్నాను. ఎవరిదో తెలిసే వేసుకున్నాను. అసలు ఒక ముక్కతో ఆపుదామనుకున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టగానే అది మా ఇంటి పులుసైపోయింది. నాలుగు నెలలుగా ఏ అంగట్లోనూ దొరకని రుచి. అంతసేపూ ఎవరి తెలుగును వెక్కిరించానో ఆమె చేతి వంటను వేళ్లు నాక్కుంటూ తిన్నాను. తల ఎముకలు ఒక్కొక్కటీ విరిచి, సారం పీల్చి, కంచం అంచున పేర్చాను.

తిన్నాక భయం వేసింది. గరిటెతో మిగిలిన ముక్కలు సర్ది, ఖాళీ కనబడకుండా పులుసు పైకి తెచ్చాను. ఎముకలు కాగితంలో చుట్టి వంటింటి చెత్త గొట్టంలో వేశాను. అవి తొమ్మిది అంతస్తులు జారి కింద పడిన చప్పుడు వినిపించింది. కంచాలు కడిగాను. అతన్ని పంపేశాను. స్నానం చేసి, తల దువ్వుకుని, నుదుట విభూతి పెట్టుకుని, ఏమీ తిననివాడిలా హాల్లో కూర్చున్నాను.

ముందు పిల్ల వచ్చింది. మామ్మ మెల్లగా నడుస్తుందని వాళ్లను కింద వదిలేసి, బాత్రూంకు వెళ్లాలని పరుగెత్తుకొచ్చింది. మిగతావాళ్లు వచ్చేసరికి వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీసి నీళ్లు తాగుతోంది. అంతే. ఆమె మీదకు నింద రావడానికి అది చాలింది.

పెద్దాయన ఫొటో ముందు అరిటాకు వేశారు. నల్లబీరు సీసా, సిగరెట్ పెట్టె, పాలు లేని కాఫీ గ్లాసు వరసగా పెట్టారు. మామ్మ పులుసు గిన్నెలో గరిటె పెట్టింది. ఒకసారి తిప్పింది. మళ్లీ తిప్పింది.

"తలేదీ?"

"అడుక్కి పోయుంటాది అత్తా, బాగా సూడండి," అంది ఆంటీ.

"నాను పెట్టినదాన్ని. నడిమధ్యని పెట్టినాను. తల్లేదు. ముక్కలూ తగ్గినాయి."

ఆంటీ తిరిగి ఫ్రిజ్ దగ్గరున్న కూతురిని చూసింది. "ఏయ్! నువ్వేనా?"

"వాట్? నాట్ మీ లా!"

"ఏడేళ్లప్పుడు పెట్టకముందే గారెలు తినేసింది నువ్వు కాదా?"

"మమ్మీ! అప్పుడు నేను బేబీ!"

"ముందర పరిగెత్తుకొచ్చింది నువ్వే కదా? అందుకేనా ఆ పరుగు?"

"టాయిలెట్‌కి! పాటీ, యూ టెల్ దెమ్. నేను ముట్టలేదు."

పాటీ అంటే మామ్మే. ఆ పిల్ల నాయనమ్మను తమిళ పిల్లల్లా అట్లాగే పిలిచేది. మామ్మ గరిటె పక్కన పెట్టింది. "తిన్నదానికి కాదే. ఆకలేసింది, తినీసినావు. అబద్దమాడకు. ఆయన ముందల అబద్దమాడకు."

పిల్ల కళ్లు ఎర్రబడ్డాయి. చెయ్యి చాచి నా వైపు చూపించింది. "అన్న ఇంట్లోనే ఉన్నాడు. అన్నని అడగండి!"

అందరూ నన్ను చూశారు. చెప్పడానికి అంతకన్నా మంచి అదను రాదు. చెప్తే నాలుగు మాటలు పడి ఊరుకునేవాణ్ణి.

"తంబీ, నువ్వేమన్నా చూశావా?" అన్నాడు అంకుల్.

"నేను గదిలో చదువుకుంటున్నానంకుల్," అన్నాను.

ఆయన కూతురి వైపు తిరిగాడు. ఆయన గొంతు పెంచడం నేను అదే మొదటిసారి వినడం. "ఊరి నుంచి వచ్చిన పిల్లోడి మీద పెడతావా? వాళ్ల నాయన నన్ను సైకిలు మీద ఎక్కించుకుని తిరిగినాడు. వాళ్లు అట్లాంటివాళ్లు కాదు. సిగ్గు లేదా నీకు?"

ఆ పిల్ల వెళ్లి అగ్గిపెట్టె తీసింది. ప్రతి ఏడూ దీపం వెలిగించేది ఆమే. ఆ ఏడు ఆంటీ అగ్గిపెట్టె ఆమె చేతిలోంచి తీసుకుని తనే వెలిగించింది.

మామ్మ నా చేతికి నీళ్లు పోసింది. మూడు వేళ్లతో అన్నం, పులుసు కలిపి ఆకులో పెట్టాను. మామ్మ ఫొటోతో మామూలు గొంతుతోనే మాట్లాడింది. "ఇదిగో, మీ ఊరోడు పెడతన్నాడు. ఈసారికి తల లేదు. గుంట తెలీక తినీసింది. ఏటనుకోకు." నా చెయ్యి ఆకు మీదే ఉంది. ఆ వేళ్లకు గంట క్రితం తిన్న తల వాసన ఇంకా ఉంది. కడిగినా పోలేదు.

తర్వాత కొంచెం అన్నం పట్టుకుని బ్లాకు కిందకు దిగాం. పక్షులకు తిండి పెట్టకూడదని అక్కడ బోర్డు ఉంటుంది. అంకుల్ అటూ ఇటూ చూస్తూ, "తొరగా, అమ్మా, తొరగా," అంటున్నాడు. మామ్మ గడ్డి మీద ఆకు పెట్టి దూరంగా నిలబడింది. గోరింకలు నాలుగు వచ్చి గింజలు ఏరుకుపోయాయి. కాకి రాలేదు. పావుగంట నిలబడ్డాం. వాన మొదలైంది.

"రాడు," అంది మామ్మ. "ఎంగిలి ముట్టడు."

ఇంటికొచ్చి అందరికీ వడ్డించమని చెప్పి, తను తినకుండా గదిలోకి వెళ్లి పడుకుంది. పిల్లా తినలేదు. నేను తిన్నాను. తినకపోతే అనుమానం వస్తుందని, కడుపులో చోటు లేకపోయినా కూర్చుని మళ్లీ తిన్నాను. "బాగా ఆకలి మీద ఉన్నట్టున్నావు తంబీ, పొద్దుట్నుంచీ ఏమీ లేదు కదా," అని ఆంటీ ఇంకో ముక్క వేసింది.

భోజనాలయ్యాక ఆంటీ హాల్లో ఫోను పట్టుకుంది. ముందు మలేషియాలో ఉన్న అక్కకు చేసింది. "మా గుంట చేసిన పని విను అక్కా. పెద్దలకి పెట్టకుండా తల తినేసింది. తిని, అబద్దం. పైగా ఊరి నుంచి వచ్చిన పిల్లోడి మీద పెడతాది." తర్వాత చెల్లెలికి చేసి మళ్లీ మొదటినుంచీ చెప్పింది. ఇద్దరూ పిల్లల్ని వేసుకుని దీపావళికి రాబోతున్నారు. నేను గదిలో కూర్చుని ఒక్కో మాటా విన్నాను.

కాసేపటికి పిల్ల నా గుమ్మం దగ్గర నిలబడింది.

"ర్యాక్‌లో రెండు ప్లేట్లు తడిగా ఉన్నాయి," అంది.

"నీళ్లు తాగాను."

"ప్లేట్‌లోనా?"

నేను కీబోర్డు వైపు తిరిగాను. "నాకు పనుంది. నువ్వెళ్లు."

"ఎవరికీ చెప్పనులే. చెప్తే నమ్ముతారా? యూ ఆర్ ద గుడ్ బాయ్," అంది. తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేసి వెళ్లింది. తన గదిలోంచి తననే పొమ్మన్నానని ఆ తలుపు మూసుకున్నాక తెలిసింది.

ఆ తర్వాత రెండు గంటలు తెర మీద ఒక్క అక్షరం కనబడలేదు. చెప్పకపోతే ఏమవుతుందో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. నాకేమీ కాదు. అదే భయంగా ఉంది. దీపావళికి చుట్టాలొస్తారు, ఆ పిల్లను తలకాయ దొంగ అని ఆటపట్టిస్తారు, పెళ్లిలోనూ పేరంటంలోనూ అదే ఎత్తుతారు. ఆమె పెద్దదై పోతుంది, మాట అట్లాగే ఉంటుంది. నేను మాత్రం వచ్చే ఏడు ఇంకెక్కడో ఉద్యోగంలో ఉంటాను.

అయిదింటికి లేచాను. మామ్మ వంటింట్లో చిన్న పీట మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఇంకా ఏమీ తినలేదు. నేను కింద కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో ఆలోచించుకుని వచ్చినదంతా పోయింది.

"మామ్మా, ఆ తల నానే తినీసినాను," అన్నాను. నాలుగేళ్లుగా వాడని మా ఇంటి మాట దానంతటదే వచ్చింది.

ఆమె చేతులు ఆగాయి. "నువ్వా?"

"నేనే. నా స్నేహితుడొచ్చాడు. ఇద్దరం తిన్నాం. పాపకేమీ తెలీదు."

"నాను నీకు సెప్పినాను గదా బాబూ. నిన్న. గుమ్మంలో నిలబడి సెప్పినాను."

"చెప్పావు. విన్నాను."

"విని తిన్నావా?"

"విని తిన్నాను."

ఆమె మడతపెట్టిన చొక్కాను విప్పి మళ్లీ మడతపెట్టింది. అది నా చొక్కా. "నీ సేత్తోనే పెట్టించినాను. ఆయనకి ఎంగిలి సెయ్యి పెట్టించినాను," అంది తనలో తను. నేను ఏడుస్తున్నాను. ఆమె ఊరుకోమనలేదు. చొక్కా పక్కన పెట్టి అడిగింది.

"ఉప్పు సరిపోయిందా?"

ముఖం తుడుచుకుని ఆమె వైపు చూశాను.

"నాను సూడలేదు గదా. తిన్నోడివి నువ్వే. సెప్పు."

"కొంచెం తగ్గింది మామ్మా."

"తగ్గిందా," అని తలూపింది. "వయసైపోనాది. సెయ్యికి తెలవడం లేదు." ఆ తర్వాత లేచి నిలబడింది. "అందరికీ నువ్వే సెప్పు. నాను సెప్పను."

హాల్లో ముగ్గురూ ఉన్నారు. నిలబడి చెప్పాను. కంచాలు కడగడం, ఎముకలు గొట్టంలో వేయడం, పాప అడిగితే అబద్ధం చెప్పడం, అన్నీ చెప్పాను. ఆంటీ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అంత ఆకలేస్తే అడగొచ్చు కదా తంబీ. నేను పెట్టనా? ఇంకోటి వండనా?" అంకుల్ లేచాడు. చెప్పులేసుకుని కిందకు వెళ్లి, గంటసేపటి దాకా రాలేదు. వచ్చాక కూతురి పక్కన కూర్చుని, ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతిని తీసి పక్కన పెట్టింది. నేను చేసిన పనికి ఆ తండ్రి శిక్ష అనుభవిస్తున్నాడు. అది చూడడం తిట్లు తినడం కన్నా కష్టమైంది.

"నన్ను క్షమించు," అన్నాను ఆమెతో, అందరి ముందూ.

"టీవీకి అడ్డం నిలబడ్డావు," అంది.

"మళ్లీ వండి పెడితే ఆయన తీసుకుంటారా మామ్మా?" అని అడిగాను.

"నువ్వు వండు. తీసుకుంటాడో లేదో ఆయనిష్టం."

సోమవారం క్లాసుకు వెళ్లలేదు. ప్రోగ్రాం ఇవ్వలేదు. నా వంతు మార్కులు పోతాయని ఫోన్ చేస్తే, హైదరాబాద్ అబ్బాయి, "పిచ్చిలేసిందారా? చేపకోసమా?" అన్నాడు. అవునన్నాను. పొద్దున్నే సంతకు వెళ్లి పెద్ద పండుగప్ప కొన్నాను. ముక్కలు కొట్టివ్వనా అని చేపలమ్మే చీనా ఆమె కత్తి ఎత్తింది. వద్దని చెప్పి, మొత్తంగా ఇంటికి తెచ్చి, వంటింటి నేల మీద కూర్చుని నేనే పొలుసు తీశాను. అరగంట పట్టింది. రెండు వేళ్లు తెగాయి. మామ్మ పీట మీద కూర్చుని చెప్తూ వచ్చింది.

"ఉప్పెంత మామ్మా?"

"గుప్పెడు."

"నా గుప్పెడా, నీ గుప్పెడా?"

"పెట్టేది నువ్వు. నీదే."

రుచి చూడలేదు. ఆ రోజు సాయంత్రం దాకా నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. గిన్నె దించాక వంటింట్లో ఒంటరిగా ఉండకుండా, మామ్మ కళ్లెదుట గుమ్మం బయట కూర్చున్నాను. అంకుల్ పని నుంచి వచ్చి స్నానం చేశాక ఆకు వేశారు. మామ్మ అగ్గిపెట్టె మనవరాలి చేతికిచ్చింది. మొదటి ముద్ద కూడా ఆమె చేతనే పెట్టించింది. "నిన్న తప్పు గుంటదన్నాను. నాదే. ఏటనుకోకు," అంది. ఫొటోతో అన్నదో మనవరాలితో అన్నదో నాకు తెలియలేదు. పిల్ల గరిటెతో తలను ఆకులో పెడుతూ, "పాటీ, తల ఉంది. కళ్లు రెండూ ఉన్నాయి. కౌంట్ చేసుకో," అంది. ఆంటీ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ మాట ఎవరికో నాకు తెలుసు కాబట్టి తలవంచుకుని నిలబడ్డాను.

భోజనాలయ్యాయి. మామ్మ తింది. ఉప్పెక్కువైందని చెప్పి, అన్నం ఇంకాస్త కలుపుకుని తింది. గిన్నెలు కడిగి వచ్చి ఆంటీని ఫోను నెంబర్లు అడిగాను.

"ఎవరివి?"

"మీ అక్కగారిది, మీ చెల్లెలిగారిది. నేను చెప్పాలి."

"వద్దులే తంబీ. దీపావళికి వస్తారు కదా, అప్పుడు నేనే చెప్తాలే."

"మీరు చెప్తే కూతుర్ని వెనకేసుకొస్తున్నారనుకుంటారు ఆంటీ. చేసినవాణ్ణి నేను చెప్తేనే నమ్ముతారు."

ఆమె అంకుల్ వైపు చూసింది. నిన్నటి నుంచీ నాతో మాట్లాడని అంకుల్, "ఇయ్యి. చెప్పనీ," అన్నాడు.

అక్కగారికి నన్ను నేను పరిచయం చేసుకుని విషయం చెప్తే మొదట అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. పెద్దగా నవ్వింది. "ఓరి నీ! తల బాగుందా?" అంది. నవ్వేదేమీ లేదనీ, మీ చెల్లెలి కూతురు ఒక్క అబద్ధం కూడా ఆడలేదనీ, ఈ మాట మీ పిల్లలకు కూడా చెప్పాలనీ అన్నాను. ఆమె నవ్వు ఆపేసి, "చెప్తాను," అంది.

చెల్లెలు నవ్వలేదు. "నీకు నోరు లేదా? చదువుకున్నోడివే కదా? ఆడపిల్ల నిలబడి తిట్లు తింటంటే చూస్తా కూర్చున్నావా?"

"కూర్చున్నానండి."

"నేను వస్తాను దీపావళికి. నీ మొహం చూస్తాను."

"రండి. నేనిక్కడే ఉంటాను."

ఫోను పెట్టేశాను. చెవి వేడెక్కింది. ఇంక అయిపోయిందనుకుని లేవబోతుంటే, సోఫాలో పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్ల, తలెత్తకుండా అంది.

"ఇంకొకరున్నారు. టెంపుల్ ఆంటీ. నిన్న నువ్వు చెప్పకముందే మమ్మీ ఆమెకి కూడా చెప్పింది."

ఆంటీ నాలుక కరుచుకుంది. తిన్నది నేనని టెంపుల్ ఆంటీకి తెలిస్తే గుడికొచ్చే ప్రతి తెలుగింటికీ తెలుస్తుంది. వచ్చే శుక్రవారం నేను గుళ్లో అడుగుపెట్టగానే నేనెవరో అందరికీ తెలిసిపోతుంది.

"ఆమె నెంబరు?" అన్నాను.

పిల్ల పుస్తకం మూసి లేచింది. ఫోను దగ్గరకు వచ్చి, నా వైపు చూడకుండా తనే నెంబరు నొక్కింది. అవతల మోగుతుండగా రిసీవర్ నా చేతికిచ్చి, వినడానికి పక్కనే నిలబడింది. నేను నా పేరు చెప్పి, మా ఊరి పేరు చెప్పి, మొదటినుంచీ మొదలుపెట్టాను.